బాలాక్ ఎటువైపు?

ఫెజ్ నగరంలో, పాత ఊళ్ళో బతకాలంటే కాళ్ళకంటే చెవులు ముఖ్యం. సందులు ఇద్దరు మనుషులకే ఇరుకు, అందులోనే తోళ్ళూ గ్యాసు బండలూ మోస్తూ కంచరగాడిదలు. వెనకనుంచి "బాలాక్!" అని కేక పడిందంటే తప్పుకోమని. ఆగి వెనక్కి చూసేవాళ్ళెవరూ ఉండరు. కేక ఎటునుంచి వస్తే దానికి అవతలి గోడకి అతుక్కుపోవడమే.

తామూకి ఆ విద్య పోయింది. జ్వరంతో పడుకుని లేచేసరికి కుడిచెవి చచ్చిపోయింది. ఎడమది దివ్యంగా పనిచేస్తోంది కాబట్టి ఎవరూ జాలిపడలేదు. ఒంటిచెవివాళ్ళ ఖర్మే అంత, చెవిటివాళ్ళు తమలో కలుపుకోరు, చెవులున్నవాళ్ళు నమ్మరు. లోకంలోని చప్పుళ్ళన్నీ ఎడమపక్కే పుడుతున్నట్టుండేది. ఒకరోజు "బాలాక్!" అని వినపడగానే కుడిగోడకి దూకింది. కంచరగాడిద వస్తున్నదీ కుడిపక్కనుంచే. మోచెయ్యి విరిగింది, దాంతోపాటు ధైర్యమూ పోయింది.

అప్పట్నుంచి ఒంటరిగా గడప దాటలేదు. జెల్లాబా అంగీలకి పట్టుదారంతో బొత్తాలు అల్లడం ఆమె పని. దారం కొనడానికి మొగుడు బూష్తా వెళ్ళేవాడు.

"దానిమ్మరంగు తెమ్మంటే బీట్‌రూట్ రంగు తెచ్చావేంటయ్యా?"

"రెండూ కోస్తే ఎర్రగానే ఉంటాయిగా!"

"నీకు చెవులున్నాయి, కళ్ళు లేవు. నాకు కళ్ళున్నాయి, చెవి లేదు. అల్లా భలే జత కలిపాడు."

పైకి నవ్వేదే గానీ, దారం రంగు కూడా తను ఎంచుకోలేని బతుకూ ఒక బతుకేనా అనిపించేది.

రబాత్ పట్నంలో ఒక డాక్టరమ్మ కాక్లియర్ ఇంప్లాంట్ సంగతి చెప్పింది. చెవి వెనక చర్మం కింద ఒక బిళ్ళ, లోపలిచెవిలోకి సన్నటి తీగ, పైన జుట్టులో అయస్కాంతంతో అంటుకునే చిన్న యంత్రం. ఒక చెవి ఉందిగా, నీకెందుకన్నారు చుట్టాలు. "ఒక కన్నుందని రెండోది కాకులకి వేస్తామా?" అంది తామూ.

ఆపరేషన్ గాయం మానాక యంత్రం ఆన్ చేశారు. వినపడింది మాట కాదు, రేకుడబ్బాలో కప్పలు.

"ఎలా వినిపిస్తున్నాను?" అన్నాడు బూష్తా ఆశగా.

"కప్పలా."

"పెళ్ళైనప్పట్నుంచీ అంటున్నదేగా!"

డాక్టరమ్మ నవ్వింది. "ఆ చెవి ఇప్పుడే పుట్టిందమ్మా తామూ. దానికి మాటలు నేర్పాలి."

నేర్పారు. మంచిచెవికి అందకుండా, బూష్తా పక్కగదిలో కూర్చుని ఫోన్లోంచి నేరుగా యంత్రానికే మాటలు పంపేవాడు. కూరగాయల పేర్లు, మధ్యమధ్య తిట్లు. తిట్లే ముందు అర్థమయ్యాయి. నెలలు గడిచేకొద్దీ కప్ప మనిషయ్యాడు. అయితే చప్పుడు ఎటునుంచి వస్తోందన్నది గదిలో కూర్చుంటే తేలేది కాదు. సందులోకి వెళ్ళాల్సిందే.

"నేనూ వస్తా," అన్నాడు బూష్తా.

"వస్తే నీ చెయ్యి పట్టుకుంటాను. రాకు."

"పో, ఆ రెండో మోచెయ్యి కూడా విరగ్గొట్టుకో! నాకేం!" అంటూ గుమ్మంలో చతికిలబడ్డాడు.

దారాల బజారుకి దిగే సందులో ఒంటరిగా నడిచింది తామూ.

"బాలాక్! బాలాక్!"

ఆలోచన పుట్టకముందే, ఒళ్ళు ఎడమగోడకి ఒరిగింది. తోళ్ళ కట్టలతో కంచరగాడిద ఆమె కుడిభుజాన్ని రాసుకుంటూ పోయింది.

"నాయనా! ఇంకోసారి అనవూ!" అని అరిచింది.

"దారిచ్చావు కదమ్మా, ఇంకెందుకు?" అన్నాడు గాడిదవాడు.

"నీకు పుణ్యముంటుంది. అంటూ పో."

వెర్రిబాగులదనుకున్నాడో ఏమో, అంటూనే దిగిపోయాడు. తామూ కళ్ళు మూసుకుంది. కేక ముందుకెళ్ళింది, కుడికి తిరిగింది, సన్నబడింది. ఎడమపక్క రాగిపనివాళ్ళ సుత్తులు. పైన ఎవరో తివాచీ దులుపుతున్నారు. కింద ఎక్కడో నీళ్ళు. ఏ చప్పుడు చోటు ఆ చప్పుడుదే. ఇన్నాళ్ళూ ఒకే గోడకి తగిలించినట్టున్న లోకం చుట్టూ లేచి నిలబడింది. "యా రబ్బీ, దేవుడా, ఇంత పెద్దదా ఇది!" అంది పైకే.

ఆ చప్పుళ్ళ మధ్య, వెనక కుడివైపు, తను ఇందాక దాటొచ్చిన ఓ తలుపు దగ్గరనుంచి, ఎవరో గొణుగుతున్నారు. "యా లతీఫ్, యా లతీఫ్..." ప్రాణం మీదికొచ్చినప్పుడు దేవుణ్ణి పిలిచే పిలుపది.

తామూ కళ్ళు తెరవలేదు, తల తిప్పలేదు. కుడిచెయ్యి వెనక్కి చాచి చూపించింది.

"బూష్తా, ఆ తలుపుచాటునుంచి బయటికి రా."

గొణుగుడు ఆగిపోయింది. అతను చప్పుడు కాకుండా ఏడవాలని చూశాడు. అదీ ఆమెకి కుడిపక్కనుంచే వినిపించింది.