పెదనాన్న వీపు మీది గీత

మా పెదనాన్న యాభై ఏళ్ల కిందట ఒక చారిత్రక సినిమాలో బానిస వేషం వేశాడు. ముఖం కనబడదు, వీపు కనబడుతుంది. ఆ సినిమాలో యుద్ధమంటే గుర్రాలూ జెండాలూ. చచ్చేవాళ్లు కూడా ముచ్చటగా చస్తారు. గెలిచిన మంచి రాజు బందీల చేత కోట గోడ కట్టిస్తాడు. కొరడా దెబ్బ తిన్న బానిసకు రాణి నీళ్లు పోస్తుంది. బానిసలంతా పొంగిపోయి పాట అందుకుంటారు.

ఆ దెబ్బ తనకు నిజంగానే తగిలిందని పెదనాన్న అనేవాడు. "కోతలు ఆపు" అంటూ ఇంటిల్లిపాదీ ఆటపట్టించేవాళ్లం. అందరికన్నా ఎక్కువ నేనే.

పాత సినిమాల మీది గీతలూ మరకలూ కంప్యూటర్లో తుడవడం నా ఉద్యోగం. ఆ సినిమా నా బల్ల మీదికే వచ్చింది. మూడు నెలలు తుడిచి పెదనాన్నను పిలిచాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెవి మిషను సర్దుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

కొరడా లేచింది. వీపు వచ్చింది. నున్నగా ఉంది.

"నా దెబ్బేదమ్మా?" అన్నాడు.

"ఏ దెబ్బ?"

"ఎడమ భుజం కింద. నూలు కొరడా తెగిపోతే బండివాడి దగ్గర తోలుది తెచ్చారు. నా అరుపు మీద పాట పెట్టేశారు. పోనీలే, గీతైనా ఉందిగా అనుకున్నా. ఒంటి మీది మచ్చ ఎప్పుడో మాసిపోయింది, ఉన్న సాక్ష్యం అదొక్కటే."

నాకు తల కొట్టేసినట్టయింది. ఫిల్ము మీది గీత తెర మీద ఒక్కచోటే నిలబడి వణుకుతుంది. మనిషి మీది గీత మనిషితో పాటు కదులుతుంది. మా పనిలో మొదటిరోజు నేర్పే పాఠమిది. నేను చూడలేదు. బానిస వీపే కదా, ఎవరు చూస్తారనుకున్నాను.

మా యజమానికి చెప్పాను.

"ఇప్పుడు శుభ్రంగానే ఉందిగా. మంచి రాజు కథలో దెబ్బలెందుకు?"

"కొట్టించింది ఆ మంచి రాజేగా సార్!"

ఆయన మొహం ముడుచుకున్నాడు. "నీ ఇష్టం. ఎల్లుండికి ఇచ్చెయ్యాలి."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అయినా తుడవకముందు దాచిన కాపీ తెరిచాను. నాలుగు సెకన్లు, తొంభై ఆరు ఫ్రేములు. ఒక్కొక్కదానిలో ఆ గీత తిరిగి పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం పెదనాన్నను మళ్లీ కూర్చోబెట్టాను.

గీత ఆయన వీపుతో పాటు కదిలింది. పెదనాన్న చెయ్యి తనకు తెలియకుండానే భుజం వెనక్కి పోయింది.

"నన్ను క్షమించు పెదనాన్నా. ఇన్నాళ్లూ అబద్ధమనుకున్నాను." ఏడుపు ఆగలేదు నాకు.

ఆయన తలూపాడు గానీ చూపు తిప్పలేదు. "మళ్లీ వెయ్యి" అన్నాడు. వేశాను. లేచి తెర దగ్గరికి వెళ్లి, తన వీపు పక్కనున్న నున్నటి వీపుల మీద ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టాడు.

"మరి వీళ్లవి? ఆ రోజు పదకొండు మందిమి తిన్నాం" అన్నాడు. "నీ పెదనాన్ననని నాదొక్కటే పెట్టావా?"