నాలుగో చప్పుడు

తోక గుండ్రంగా చుట్టుకుని ఉంటుందని ఆ కుక్కకు చేగోడి అని పేరు పెట్టింది జగ్గమ్మ. విశాలి నెల్లిమర్లలో ఆ ఇంటికి కోడలై వచ్చిన పదో రోజునే వీధిలో ఆటో గుద్ది దాని వెన్నుపూస దెబ్బతింది. వెనక కాళ్లు చచ్చుబడ్డాయి. తోక తడిసిన తాడులా నేలమీద పడి ఉండేది.

పశువుల డాక్టరు వెనక కాలి వేలు గట్టిగా నొక్కితే చేగోడి తల తిప్పి కుయ్యిమంది. నొప్పి తెలుస్తోంది కాబట్టి ఆశ ఉందన్నాడాయన. మూడు వారాలు కదలనివ్వకుండా ఉంచి, ఆ తర్వాత కాళ్లు ఆడించి, మెల్లగా నడిపించమన్నాడు.

జగ్గమ్మ మాత్రం గడువు పెట్టింది. "మూడు నెల్లు సూస్తాను. అప్పటికీ లెగకపోతే ఆ నిద్ర సూదేదో ఏయించేద్దుం. దాని బాద నాను సూడలేను."

కొత్త కాపురంలో విశాలికి అన్నీ ముద్దొచ్చేవి. మిల్లు సైరను మోగగానే భర్త గిరిబాబు చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని పరుగెత్తడం కూడా. ఇప్పుడా జాబితాలో కుక్క కాళ్లు చేరాయి. పూటపూటకూ దాన్ని పక్క మార్చి పడుకోబెట్టేది, పొట్ట నొక్కి మూత్రం పోయించేది. గిరిబాబు గోనె పట్టీ తెస్తే, ఒరుసుకోకుండా లోపల పాత నూలు చీర ముక్క కుట్టింది. దాన్ని పొట్టకింద వేసి నడుం ఎత్తి పట్టుకుంటే చేగోడి ముందు కాళ్లతో నడుస్తూ వెనకవి ఈడ్చేది.

విశాలి పుట్టిల్లు విజయనగరంలో సంగీతం చెప్పే ఇల్లు. చేగోడి కాళ్లు ఆడిస్తూ ఆదితాళం లెక్కపెట్టేది. కోడలు కుక్కకి కచేరీ నేర్పుతోందని జగ్గమ్మ వీధంతా చెప్పి నవ్వింది. గచ్చు మీద వినిపించేది మాత్రం తాళం తప్పిన నడకే: టక్, టక్, సర్ర్.

రెండో నెలలో ఒక వెనక పాదం నేలకానింది. టక్, టక్, టక్, సర్ర్. ఆ మాట చెప్పడానికి విశాలి మిల్లు గేటు దాకా వెళ్లింది.

నాలుగో చప్పుడు మాత్రం రాలేదు. గడువు ఇంక ఐదు రోజులే.

ఆ ఉదయం గోనె పట్టీ ఉతికి పెరట్లో తీగ మీద ఆరేస్తుంటే వంటింట్లోంచి జగ్గమ్మ గొంతు వినిపించింది.

"ఒసే విశాలీ, ఏ ఇంటి కుక్కో లోపలికొచ్చేసినాది. దాన్ని తోలీయే ముందు."

విశాలి తడి చేతులతోనే పరుగెత్తింది. వసారాలో చేగోడి. టక్, టక్, టక్, టక్. నడుం అటూ ఇటూ ఊగుతోంది. గడప దగ్గర తూలింది, పడలేదు.

"మనదే అత్తయ్యా."

"మనది ఈడుస్తాది కదే," అంటూ గరిటతో బయటికొచ్చిన జగ్గమ్మ అక్కడే ఆగిపోయింది. చేగోడి తిన్నగా నడిచి వచ్చి గరిట వాసన చూసింది.

జగ్గమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. వీధి గుమ్మంలోకి వెళ్లి పక్కింటి ఈశ్వరిని పిలిచింది.

"ఇలగొచ్చి సూడే ఈశ్వరీ. మా కోడలు నేర్పింది. ఒక్క తాళం తప్పనేదు."

గడప దగ్గర ఒకటి తప్పింది. సంగీతం చెప్పే ఇంటి పిల్ల అయినా విశాలి ఆ మాట అనలేదు. సగం దాకా చుట్టుకున్న తోకను చూస్తూ, పట్టీ ఆరగానే మడతపెట్టి అటక మీద పెట్టడానికి స్టూలు కోసం వెళ్లింది.