నా పేరు చెక్కిన గ్లాసు

నేను పొద్దుగూకితే దుప్పటి ముసుగేసుకుని ఎవరితోనో గుసగుసలాడుతున్నానని, మధ్యమధ్యలో ఒక్కదాన్నే నవ్వుకుంటున్నానని మా పక్కింటి కనకలక్ష్మి పాలు పోసే ఆమెతో అన్నదట. పాలామె ఆ మాట ఇస్త్రీ దుకాణంలో దించింది. ఇస్త్రీ అతని అత్తగారిది మా తండా పక్కనున్న నర్సింహులపేట. అట్లా జనగామలో బయలుదేరిన ముచ్చట నాలుగు రోజుల్లో మా తండా చేరేసరికి, సుక్కి మనుమరాలు సుమనకు గాలి సోకిందని, అన్నం ముట్టడం లేదని, దుప్పట్లోంచి మగ గొంతు కూడా వినిపిస్తున్నదని అయింది.

అయిదో రోజు పొద్దున మా అవ్వ సుక్కి బస్సు దిగి నేరుగా నా గదికి వచ్చింది. సంచిలో నాలుగు నిమ్మకాయలు, ఒక తాయెత్తు, నా కోసం జొన్నరొట్టెలు. గాలి సోకినా ఆకలి ఆకలేనని ఆమె లెక్క. డెబ్బయి ఎనిమిదేళ్ల మనిషి. గుమ్మంలో నిలబడే నా కనురెప్ప పైకెత్తి చూసింది.

మేమిద్దరం మాట్లాడుకునేది మా తండా మాట. ఇక్కడ తెలుగు చేసి చెబుతున్నాను.

"దుప్పట్ల ఎవనితోని మాట్లాడుతున్నవే?"

"మందితోని, అవ్వా. ఫోన్ల."

"మందితోని మాట్లాడనీకి దుప్పటెందుకు?"

"రైలు చప్పుడు రాకుంట."

"రైలు వినకూడని ముచ్చట ఏముంటదే నీకు?"

కూర్చోబెట్టి చెప్పాను. నేను ఇక్కడ ఒక జూనియర్ కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. గది స్టేషన్ వెనకాల. సాయంత్రాలు ఒక పాడ్‌కాస్ట్ నడుపుతాను. పేరు "బయటి అరుగు". ఊళ్లోనో బడిలోనో కొలువులోనో తాము బయటివాళ్లమని అనిపించిన మనుషులతో మాట్లాడించడం దాని పని. ముప్పయి ఏళ్లు సూరత్ మగ్గాల మీద పనిచేసి కొడకండ్లకు తిరిగొస్తే, సొంత వాడకట్టులోనే "సూరత్ ఆయన" అయిపోయిన విద్యాసాగర్. మహదేవపూర్ నుంచి పట్నం కాలేజీకి పోయి, "గిట్ల" అన్నప్పుడల్లా క్లాసంతా నవ్వితే ఏడాదిపాటు నోరు విప్పని సుజాత. ఎవరు వచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే. మీరు మొట్టమొదట బయట నిలబడ్డది ఎక్కడ? అది అడిగి నేను నోరు మూసుకుంటాను. రెండేళ్లలో తొంభై మందిని అడిగాను.

"సరే, ఏమంటవో వినిపియ్యి," అన్నది అవ్వ. అప్పటికి నిమ్మకాయలు సంచిలోంచి బయటికి తీయలేదు, లోపలికీ నెట్టలేదు.

మొదటి ఎపిసోడ్ పెట్టాను. అది నా కథే. అన్నిటికన్నా ఎక్కువమంది విన్నది కూడా అదే. ఫోన్లోంచి నా గొంతు వచ్చింది:

"అయిదేళ్లు నేను నా స్నేహితురాలి ఇంట్లో వేరే గ్లాసులో నీళ్లు తాగాను. వాళ్ల గ్లాసులు లోపల గూట్లో ఉండేవి. నాది కిటికీలో ఉండేది. పొరపాటున కూడా కలిసిపోకుండా దాని మీద నా పేరు చెక్కించారు. నేను మొట్టమొదట బయట నిలబడ్డది ఆ కిటికీ దగ్గర."

అవ్వ నోట్లోని తమలపాకు నమలడం ఆపింది.

"అది హమీదా ఇల్లు కద?"

"అవును. పేరు చెప్పలే నేను."

"ఇప్పుడు యాడుంటది?"

"భూపాలపల్లిల, బిడ్డ సమ్రీన్ దగ్గర."

"రేపు పోదాం."

"ఎందుకవ్వా?"

"ఒక బస్సు ఎక్కినదాన్ని ఇంకోటి ఎక్కలేనా?"

నా తరఫున కొట్లాటకు బయలుదేరుతున్నదనుకున్నాను. వద్దనలేదు. నేను పేరు చెప్పకపోయినా నా స్నేహితురాలు సమ్రీన్ పోల్చుకున్నది. ఎనిమిది నెలల కింద నాకొక మెసేజ్ పెట్టింది. "అమ్మీ విన్నది." అంతే. ఆ తరువాత నా ఫోను ఎత్తలేదు. ఇరవై ఏళ్ల దోస్తానా రెండు మాటలకు తెగిపోయింది. పోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని పోవాలో తెలియక ఆగాను. అవ్వ వెంట ఉంటే తలుపైనా తీస్తుందని ఆశ.

హన్మకొండలో బస్సు మారాం. కిటికీ పక్క సీటు అవ్వ తీసుకున్నది. నా మనసు నర్సింహులపేటలో తిరుగుతున్నది.

మా అమ్మా నాయినా పట్నంలో ఇండ్ల పనికి పోతే అవ్వే నన్ను సాకింది. తండా నుంచి బడికి మూడు కిలోమీటర్ల నడక. ఆరో తరగతిలో సమ్రీన్ నా పక్కన కూర్చుంది. వాళ్ల ఇల్లు బడి గోడను ఆనుకునే ఉండేది. ముందు వాళ్ల నాయిన యాకూబ్ మామ కిరాయి సైకిళ్ల దుకాణం, లోపలి వసారాలో వాళ్లమ్మ హమీదా ఖాలా కుట్టుమిషను. పంక్చర్ల సొల్యూషన్ వాసనా కొత్త గుడ్డ వాసనా కలిసి ఒక వాసన ఉండేది ఆ వసారాకు. ఇప్పటికీ ఏ టైలర్ దుకాణం ముందు నుంచి నడిచినా సగం వాసనే వస్తుంది నాకు.

మధ్యాహ్నం గంట కొట్టగానే ఇద్దరం అక్కడికే. నేను తెచ్చిన జొన్నరొట్టె సమ్రీన్ లాక్కునేది. ఖాలా నాకు కిచిడీ పెట్టి, నువ్వులూ చింతపండూ నూరిన ఖట్టా పోసేది. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని మూతి తుడిచి పంపేది. మిగిలిన జాకెట్ పీలికలన్నీ మావే. వాటితో బొమ్మలకు మా తండా ఆడవాళ్లు కట్టే పేటియా లంగాలు కుట్టేవాళ్లం, అద్దాలకు బదులు చాక్లెట్ల తళుకు కాగితాలు అతికించి. తీజ్ పండుగకు మా తండాలో పెళ్లికాని పిల్లలం బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతాం. ఒక ఏడాది పిడికెడు మొలకలు ఖాలాకు తీసుకుపోతే, వాటిని కుట్టుమిషను పిడికి కట్టుకున్నది. పచ్చదనమంతా పోయి గడ్డిపరకలయ్యే దాకా విప్పలేదు. మిషను తిరిగినప్పుడల్లా అవీ తిరిగేవి.

గ్లాసు కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, గిన్నెల దుకాణంలో ఖాలా కొని, పెళ్లి సామానుకు చెక్కించినట్టు చుక్కలు చుక్కలుగా నా పేరు చెక్కించి తెచ్చింది. పేరు పక్కన చిన్న పువ్వు. సమ్రీన్ మూడు రోజులు అలిగింది, తన పేరుతో ఇంట్లో ఒక్క చెంచా కూడా లేదని. నేను ఆ గ్లాసుతో బడంతా తిరిగాను.

డిగ్రీలో ఒకరోజు మా సారు రెండు గ్లాసుల పద్ధతి గురించి చెప్పారు. హోటళ్లలో కొందరికి వేరే గ్లాసు పెట్టేవారని. క్లాసులో కూర్చున్నచోటే నా చెవులు వేడెక్కాయి. ఆ రోజు నుంచి నా గ్లాసు నాకు వేరేగా కనిపించింది. నేను ఆ సంగతిని అట్లాగే మనసులో దాచుకుని, అట్లాగే మైకు ముందు పెట్టాను. పువ్వు సంగతి మాత్రం ఎపిసోడ్‌లో చెప్పలేదు. చెబితే కథ నిలబడేది కాదు.

భూపాలపల్లిలో సమ్రీన్ తలుపు తీసింది. మా ఇద్దరినీ చూసి, "రా అవ్వా," అన్నది అవ్వతో. నాతో, "మైకు తెచ్చినవా? తెచ్చే ఉంటవ్," అన్నది.

తెచ్చాను మరి. సంచిలోనే ఉంది.

అవ్వ గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

కిటికీ ఊచల మీద బొగ్గు లారీల దుమ్ము. కిటికీ కింద అదే కుట్టుమిషను. హమీదా ఖాలా జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వును నేను తట్టుకోలేకపోయాను. "బక్కగైనవ్ బిడ్డా. ముందు బువ్వ తినుండ్రి. సమ్రీన్, బియ్యం కడుగు."

సమ్రీన్ కదలలేదు. నేనే వంటింట్లోకి పోయి బియ్యం డబ్బా మూత తీశాను. బియ్యంలో సగం మునిగి గ్లాసు ఉంది. చుక్కలు అరిగిపోయాయి గాని పేరు చదవవస్తున్నది. పువ్వు కూడా ఉంది.

"గా గ్లాసుతోని మూడు పొయ్యి," అన్నది ఖాలా బయటినుంచి. "అందరికి సరిపోతది. పది పన్నెండేండ్ల సంది గదే కొలత మాకు."

తినేటప్పుడు నా పాడ్‌కాస్ట్ సంగతి, తొంభై మందిని నేనడిగిన మొదటి ప్రశ్న సంగతి అవ్వ చెప్పింది. తిన్నాక ఖాలానే అన్నది. "తియ్యి నీ మైకు. ఏమడుగుతవో అడుగు. మళ్ల మాట్లాడలే అనకు."

"అమ్మీ, నీకేం అక్కెర?" అన్నది సమ్రీన్.

"పిల్ల గంత దూరం కెల్లి వచ్చింది. అడగనియ్యి."

మైకు మిషను బల్ల మీద పెట్టాను. రికార్డింగ్ నొక్కాను. "ఖాలా, నాకు వేరే గ్లాసు ఎందుకు పెట్టిండ్రు?"

ఖాలా చూపు అవ్వ మీదికి పోయి వెనక్కి వచ్చింది. "అప్పుడు నాకు గట్ల తోచింది బిడ్డా. తప్పే. మాఫ్ చెయ్యి."

"గామె ఎందుకు మాఫీ అడగాలె?" అన్నది అవ్వ. వచ్చీరాని తెలుగులోనే అన్నది, అందరికీ అర్థం కావాలని. "గ్లాసు నేను పెట్టమన్న."

సమ్రీన్ తల ఎత్తింది.

"మీ ఇంట్ల పెద్దకూర, గొడ్డు మాంసం, వండుతరు. మా పిల్ల మీ గ్లాసులల్ల నీళ్లు తాగుతుందని మా తండల ఎరకైతే మా పెద్ద నాయక్ పంచాయితీ పెడ్తుండె. బడి మాన్పిస్తుండ్రి. గందుకే పోయి చెప్పిన, నా పిల్లకు వేరే గ్లాసు పెట్టు, కిటికీల పెట్టు అని. మావోళ్లు అంగడికి పోయేది గా తొవ్వనే. పోయేటోళ్లకు కనపడాలె కద."

"మరి కిచిడీ?" అన్నాను.

"ఎరకే. ఇంటికొస్తే నీ మూతి ఖట్టా వాసనొచ్చేది. గ్లాసు మందికి కనపడ్తది. కడుపు ఎవనికి కనపడ్తదే?" అవ్వ కాసేపు తన కాళ్లకేసి చూసుకున్నది. "లోపలికి రా అవ్వా, చాయ్ తాగు అని హమీదా అన్నది. నేను రాలే. గడప బయటనే నిలబడి చెప్పిన. వచ్చిన తొవ్వనే పోయిన."

ఖాలా కుట్టుమిషను చక్రం మీద చెయ్యి వేసి కూర్చున్నది. చెక్కించమని ఎవరూ చెప్పని ఆ పువ్వు గురించి నేను ఆలోచిస్తున్నాను.

"ఖాలా," అన్నాను, "ఎనిమిది నెలల సంది చెయ్యని తప్పుకు మాట పడ్డరు. ఇప్పుడు కూడ మీ మీదనే ఏసుకుంటిరి. ఒక్క మాట నాకు చెప్తే అయిపోతుండె కద. ఎందుకు చెప్పలే?"

"తొంభై మందిని అడిగినవట బిడ్డా, మొదలు బయట నిలబడ్డది ఎక్కడ అని. అయిదేండ్లు నా చేతి బువ్వ తిన్నవ్. నన్ను అడిగినవా?"