శ్రావణి పరీక్ష

పరీక్ష అంటే నెగ్గాలి. అచ్చమ్మకి తెలిసింది అంతే. కూతురికి వికలాంగుల సర్టిఫికెట్టు కావాలంటే ఆసుపత్రిలో డాక్టరు పరీక్ష పెడతారని సచివాలయంలో పనిచేసే సుజాత చెప్పిన రోజు నుంచి ఇంట్లో అదే చదువు. అన్నం కలుపుతూ అడిగేది, జడ వేస్తూ అడిగేది. "నీ పేరేంటి? మన ఊరేంటి? ఇవెన్ని వేళ్ళు?" శ్రావణికి ఇరవై దాటాయి గానీ బుద్ధి ఐదేళ్ళ దగ్గరే ఆగిపోయింది. నోరంతా తెరిచి నవ్వుతూ, తడబడుతూ చెప్పేది. చెప్పినప్పుడల్లా తల్లికి పండగే.

పరీక్ష రోజు తలంటి పోసి, కనకాంబరాలు పెట్టి, తోటి కూలీ దగ్గర అడిగి తెచ్చిన చుడీదార్ వేసి తీసుకెళ్ళింది. పెళ్ళిచూపులకి తయారుచేసినట్టు తయారుచేసింది, పిచ్చితల్లి. శ్రావణి పేరు చెప్పింది, ఊరు చెప్పింది, వేళ్ళు లెక్కపెట్టింది. డాక్టరమ్మ ఇంట్లో సంగతులు ఏమడిగినా "దానికన్నీ వచ్చండి" అంది అచ్చమ్మ, కూతుర్ని ఎక్కడ తక్కువ చేసి చూస్తారోనని. నెగ్గారనుకుని నూజివీడు బస్టాండు దగ్గర ఇద్దరూ ఐస్‌క్రీం తిన్నారు.

అంత బాగా నెగ్గినందుకు వచ్చింది ఇరవై ఐదు శాతం. నలభై ఉంటే గానీ పెన్షను రాదు.

"ఏంటి పిన్నీ ఇలా చేశావు?" సుజాత తల పట్టుకుంది. "అన్నీ వచ్చని నువ్వే చెప్తే వాళ్ళు మాత్రం ఏం రాస్తారు? అక్కడ చెప్పాల్సింది రానివి. మళ్ళీ అర్జీ పెడదాం, ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు."

ఉన్నదున్నట్టు! ఆ మాటే అచ్చమ్మకి మింగుడు పడలేదు. ఊళ్ళో ఎవరు మతిలేనిదన్నా, "నా కూతురికి అన్నీ వచ్చు, కాస్త నిదానం, అంతే" అని ఇన్నేళ్ళూ నోళ్ళు మూయించిన మనిషి. మామిడి కోతలకి వెంట తీసుకెళ్ళి, కాయలు పేర్చే ట్రేల్లో అడుగున పాత పేపర్లు పరవడం నేర్పింది. నేర్పడానికి ఒక సీజను మొత్తం పట్టింది. మేస్త్రీ సవరయ్య మొదట్లో గొణిగినా, తర్వాత్తర్వాత "శ్రావణమ్మా, ట్రేలు సిద్ధమా?" అని పెద్దమనిషిని అడిగినట్టు అడిగేవాడు. "ఆఁ, సిద్ధం!" అని అరిచేటప్పుడు ఆ పిల్ల మొహం చూడాలి.

కానీ అచ్చమ్మకి గుండె జబ్బు. తట్ట ఎత్తితే ఆయాసం. మొగుడు పోయి చాలా కాలమైంది. ఉన్న ఒక్క తమ్ముడు పోతురాజు మొహమాటపడలేదు. "పెన్షనుంటే పిల్లని మా ఇంట్లో ఉంచుకోడానికి మా ఆవిణ్ణి ఒప్పిస్తానక్కా. లేకపోతే నా మాట చెల్లదు" అన్నాడు. ఒళ్ళు మండింది గానీ ఏమంటుంది? తను పోతే పిల్ల ఎవరి గుమ్మంలో నిలబడుతుంది? ఆ దిగులు ముందు పరువెంత!

రెండోసారి కనకాంబరాలు పెట్టలేదు. పిల్లని బయట బెంచీ మీద కూర్చోబెడదామనుకుంది గానీ, శ్రావణి కొంగు వదిలితేగా.

"చెప్పండమ్మా" అంది డాక్టరమ్మ మెత్తగా.

"స్నానం నేనే చేయించాలండి. నెలసరి వచ్చినా దానికి తెలీదండి. పొయ్యి దగ్గరికి రానివ్వను, చెయ్యి పెట్టేస్తుంది. ఎవరు చెయ్యి పట్టుకుంటే వాళ్ళెంట వెళ్ళిపోద్దండి. ఒకసారి విస్సన్నపేట రోడ్డు మీద దొరికింది." మొదలుపెట్టాక ఆగలేకపోయింది. ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నవన్నీ గండి పడ్డ కాలవలా వచ్చేశాయి. "దానికేమీ రాదండి. ఏమీ రాదు."

అన్నీ నిజాలే, ఆ చివరిది తప్ప.

కొంగు పట్టుకున్న చెయ్యి వదులైంది. శ్రావణి తల్లి మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది.

"నీ పేరేంటమ్మా?" అడిగింది డాక్టరమ్మ.

నిద్దట్లో లేపి అడిగినా చెప్పే పిల్ల తల వంచుకుంది. "నాకు రాదు" అంది.

డెబ్బై ఐదు శాతం వచ్చింది. సుజాత ఇంటికొచ్చి మరీ కాగితం చేతిలో పెట్టింది. "ఇంక నీకు దిగుల్లేదు పిన్నీ" అని సంబరపడింది. పోతురాజు ఫోన్ చేసి మంచి పని జరిగిందన్నాడు. అచ్చమ్మ అందరికీ దణ్ణం పెట్టింది.

మర్నాడు తోటలో రసాల కోత. షెడ్డు బయట నుంచి సవరయ్య కేకేశాడు. "శ్రావణమ్మా, ట్రేలు సిద్ధమా?"



తొడిమలు తీస్తున్న అచ్చమ్మ తిరిగి చూసింది. పేపర్ల కట్ట పక్కనే ఉంది. ఖాళీ ట్రే ముందు పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అచ్చమ్మ సొన చేతులు చీరకి తుడుచుకుంటూ పరుగున వెళ్ళి, ఒక పేపరు తీసి చేతికిచ్చింది. "ఇలా పరుస్తావు కదమ్మా. నీకొచ్చు కదా."

శ్రావణి ఆ పేపరు తిరిగి తల్లి చేతిలోనే పెట్టింది. కోపం లేదు, అలక లేదు. "నాకేమీ రాదమ్మా. నువ్వే చెప్పావుగా."

అచ్చమ్మ ట్రే పక్కనే కూలబడింది. మళ్ళీ మొదటి నుంచీ నేర్పుదామని, పిల్ల గడ్డం పట్టుకుని అడిగింది. "నీ పేరేంటి తల్లీ?"

శ్రావణి తల వంచుకుంది.