‘పో’ తర్వాతి అక్షరం

కాపురానికి వచ్చిన కొద్ది రోజులకే కోడలు ఒక సంగతి తేల్చేసుకుంది. అత్తగారికి తనంటే గిట్టదు.

గిట్టని మనిషితో కూడా లోకం కోసమైనా నాలుగు మాటలు కలుపుతారు ఎవరైనా. ఈవిడ నోరు విప్పితే ముక్కలే రాలతాయి. ‘తియ్యి. కిటికీ.’ ‘వద్దు. సెంటు.’ ‘దులపకు. దుప్పటి.’ సిపాయిలకు కవాతు నేర్పుతున్నట్టు. మాటకు ముందు ‘అమ్మా’ లేదు, వెనక ‘తల్లీ’ లేదు. మొగుడితో చెబితే, అతను పళ్లు తోముకుంటూ, మా అమ్మ మాట అంతే కదా అని ఊరుకున్నాడు. ఎవరింటి వాసన వాళ్లకు తెలియదంటారు. అతను పుట్టి పెరిగింది ఆ ముక్కల మధ్యే. అందులో వింతేముందో అతనికి అంతుపట్టలేదు.

ఆవిడకు ఉబ్బసం ఉందని సంబంధం మాట్లాడుకున్నప్పుడే చెప్పారు. కోడలు భయపడలేదు. ఆమె మందుల షాపు కౌంటరులో పనిచేసిన పిల్ల. ఇన్‌హేలర్ కొనుక్కెళ్లి, సెంటు కొట్టుకున్నట్టు నోట్లో రెండుసార్లు కొట్టుకుని, పనిచెయ్యడం లేదని తగువుకొచ్చేవాళ్లను ఎంతమందినో చూసింది. కూర్చోబెట్టి పీల్చడం నేర్పితే సగం మందికి గుణం కనిపించేది. ఈవిడదీ ఆ బాపతే అయివుంటుందనుకుని, వచ్చిన మొదటి వారంలోనే, ఎలా పీలుస్తున్నారో ఒకసారి చూపించమని అడిగింది.

అత్తగారు విసుక్కోలేదు. మందుగొట్టాన్ని బాగా కుదిపి, దానికి పొడుగు డబ్బా తగిలించి, నిటారుగా కూర్చుని ఊపిరంతా మెల్లగా వదిలేసి, పెదవులు బిగించి, తొందరపడకుండా లోపలికి తీసుకుంది. లోపల పట్టి ఉంచుతూ మోకాలి మీద వేళ్లతో లెక్కపెట్టుకుంది. తర్వాత లేచి వెళ్లి నోరు పుక్కిలించి వచ్చింది. కోడలు షాపులో గోడకు అంటించిన బొమ్మల్లో ఉన్నదంతా ఉన్నట్టు చేసింది. వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు.

“లొంగదు,” అంది అత్తగారు డబ్బా తుడుచుకుంటూ. కాస్త ఆగి, “ఇది,” అంది.

మిగతాది మామగారు చెప్పారు. ఆయన వడ్రంగి. రంపపు పొట్టు పడదని పనిశాలను వీధి నుంచి ఊరి అవతలికి మార్చుకున్నారు. సాయంత్రం అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకుని, పెళ్లికొడుకులా ఇంటికొస్తారు. చూడని డాక్టరు లేడట. మొహం ఉబ్బి, ఎముకలు గుల్లబారేదాకా మాత్రలు మింగింది. ఇంజెక్షన్లు అయ్యాయి. వేరేవాళ్లకు బ్రహ్మాండంగా పనిచేసిన కొత్తరకం సూది కూడా అయింది. చివరికి పెద్ద డాక్టరు పరీక్షలన్నీ ముందు పరుచుకుని, మీ తప్పేమీ లేదమ్మా, దీన్ని వంచలేకపోతున్నాం, దీనితో ఎలా వేగాలో చూద్దాం అన్నాడట. ఉన్న మందులు మానకూడదు. మానితే ఇంకా ముంచుతుంది.

“మా ఇంట్లో మొండిఘటాలు రెండమ్మా,” అన్నారు మామగారు. “ఒకటి మీ అత్త, రెండోది ఆవిడ ఉబ్బసం. ఏది నెగ్గుతుందా అని నేను ఇన్నాళ్లుగా గట్టు మీద కూర్చుని చూస్తున్నా.”

అంత జబ్బు మనిషి ఉద్యోగం మానలేదు. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది కదులుతోందో చెప్పే పని. ఊపిరి చాలనివాళ్లకు ఊళ్లో ఇంకే ఉద్యోగమూ దొరకనట్టు. అక్కడ అందరూ ఆవిడను ‘మైకక్క’ అంటారని మొగుడు గొప్పగా చెప్పినప్పుడు కోడలు లోపల గొణుక్కుంది. ఊరందరితో గంటలు గంటలు మాట్లాడే మనిషికి నాతో మాట్లాడ్డానికే రెండు ముక్కలు మించవు కాబోలు.

ఇలా ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తగారికి ఆయాసం పెరిగింది. కుర్చీ అంచున కూర్చుని, బల్ల మీద మోచేతులు ఆనించి, ముందుకు వంగి ఊపిరి లాగుతోంది. మామగారు లోపల ఆవిరి మిషనుకు మందు కలుపుతున్నారు. కోడలికి జలుబు చేసి ముక్కు మూసుకుపోయి ఉంది. అయినా చూస్తూ ఊరుకోలేక, గాలి ఆడుతుంది కదాని వెళ్లి పెరటి కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

అత్తగారు చప్పున తలెత్తింది. మొహం జేవురించింది. చెయ్యి చాపి, వేలు బయటికి చూపించి, కోడలి కళ్లలోకి చూస్తూ, “పో...” అంది.

కోడలు కొయ్యబారిపోయింది. సరిగా వినలేదేమో అనుకునే అవకాశం కూడా ఇవ్వకుండా ఆవిడ మళ్లీ అంది. “పో...”

అంతే. కోడలు గిర్రున తిరిగి గదిలోకి పోయి తలుపేసుకుంది. వెనక కిటికీ మూసిన చప్పుడు, మిషను గుర్రుమన్న చప్పుడు వినిపించాయి గాని ఆమె చెవికి ఎక్కలేదు. మంచి చెయ్యబోతే ఇంట్లోంచి పొమ్మంది. అదీ వేలు చూపించి మరీ. ఫోన్లో తల్లితో చెప్పుకుని ఏడిస్తే, జబ్బు మనిషి మాట పట్టించుకుంటారా, కొత్తలో ఎవరికైనా ఉండేదే, సర్దుకుపోవాలమ్మా అంది ఆ తల్లి.

“సర్దుకున్నానమ్మా,” అంది కోడలు, బట్టలు కుక్కిన సంచి జిప్పు లాగుతూ. “ఇక పోవడమే మిగిలింది.”

మర్నాడు పొద్దున్న అత్తగారు ఏమీ జరగనట్టే లేచింది. స్టూలు వేసుకుని కూర్చుని స్నానం చేసింది, కూర్చునే జడ వేసుకుంది, ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని మామగారి స్కూటరెక్కి డ్యూటీకి వెళ్లింది. వెళ్తూ గుమ్మంలో ఆగి కోడలి వంక చూసి ఏదో అనబోయింది. కోడలు మొహం తిప్పుకుంది. పుట్టింటికి వెళ్లొస్తానంటే మొగుడు ఆఫీసు హడావుడిలో, సరే, బస్సేదో అమ్మనడుగు, ఆవిడకు తెలియని బస్సుంటుందా అన్నాడు. ఎన్నాళ్లకని అడగలేదు. అడిగితే చెప్పాలనీ ఆమె అనుకోలేదు.

కోడలు ఎవరినీ అడక్కుండా ఏడో నంబరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. సంచి ఒడిలో పెట్టుకుంది. డ్రైవరు ఇంజను ఆన్‌లోనే ఉంచి టీకి పోయాడు. బస్సు ఒకటే వణుకుతోంది. అప్పుడు తల పైన స్తంభానికున్న స్పీకరు చిటపటలాడింది.

“కదులుతోంది. మూడో నంబరు.” కొంచెం సందు. “రాలేదు. పదకొండు. గంట ఆలస్యం.”

ఆ గొంతు వినగానే ఒళ్లు మండింది కోడలికి. ఇక్కడా కవాతే. పక్క సీట్లో పెద్దావిడ ఒకామె మోకాళ్ల మీద పూలమొక్కల కుండీ పెట్టుకుని కూర్చుంది. ఉండబట్టలేక, ఈవిడ జనంతో కూడా ఇలాగే కసురుతుందా అని అడిగింది కోడలు.

పెద్దావిడ ఆశ్చర్యంగా చూసింది. “కసరడమేంటమ్మా. ఆయాసం మనిషి. మన మాటలో అసలు సంగతి చివర్న కదా ఉండేది? ఆవిడకి చివరిదాకా ఊపిరి ఉంటుందో ఉండదో. అందుకని సంగతి ముందు చెప్పేసి, పేరు తర్వాత చెప్తుంది. మధ్యలో ఆగిపోయినా మనకి కావాల్సింది మనకి చేరిపోతుంది.”

ఆ పెద్దావిడే చెప్పింది. ఇదివరకు మైకక్క అందరిలాగే చెప్పేదట. ప్రయాణికులకు విజ్ఞప్తి, మూడవ నంబరు బస్సు రెండవ ప్లాట్‌ఫారం నుండి మరికొద్ది నిమిషములలో... అక్కడ ఊపిరి ఆగిపోయేదట. బయల్దేరుతోందా, రద్దయిందా తెలియక జనం నోళ్లు తెరుచుకుని స్పీకరు కేసి చూసేవాళ్లట. ఈవిడకు ఊపిరి అందకపోతే రికార్డు చేసిన టేపు పెడదామని పైవాళ్లు అనుకుంటుండగా, ఒకరోజు మాటను తిరగేసింది. మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత చూస్తే ఎవరూ బస్సు తప్పిపోవడం లేదు. ‘కదులుతోంది’ అని వినగానే అంతా చెవులు రిక్కిస్తారు. నంబరు పడేసరికి పరుగు మొదలవుతుంది. టేపు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

దులపకు. దుప్పటి. వద్దు. సెంటు. ఒక్కొక్క ముక్కా వెనక్కి వచ్చి చెవిలో సరిగ్గా కూర్చుంటోంది. ‘సెంటు...’ అని ఆగిపోతే తను ఇంకాస్త కొట్టుకునేదేమో. సరే, అవన్నీ ఒప్పుకుంటుంది. కాని ‘పో’ మాటేమిటి? దాన్ని ఎటు తిరగేసినా ‘పో’యే కదా.

స్పీకరు మళ్లీ చిటపటమంది. ఈసారి మాట వెంటనే రాలేదు. ఏదో కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత అదే గొంతు, అదే మాట.

“పో...”

కోడలు సంచిని ఒడికి అదుముకుంది. కాని ఆమె చుట్టూ జరిగింది వేరు. బస్టాండంతా నిలబడిపోయింది. అరటిపళ్లు బేరమాడుతున్న మనిషి పండు చేత్తో పట్టుకుని ఆగాడు. కండక్టర్లు మాటలాపారు. పొమ్మందని ఎవరూ అనుకోలేదు, ఎవరికీ కోపం రాలేదు. మెట్టు ఎక్కుతున్న పెద్దమనిషికి చెయ్యందించి ఆగినట్టు, అందరూ తలలెత్తి తర్వాతి అక్షరం కోసం ఆగారు.

“...గ,” అంది స్పీకరు. “దిగండి. ఏడో నంబరు.”

పొగ. ఊపిరి అందని గొంతులో హ్రస్వమేది, దీర్ఘమేది.

పెద్దావిడ కుండీ పట్టుకుని లేచేసరికి సీట్ల కింద నుంచి నల్లటి పొగ సుడులు తిరుగుతూ పైకి వస్తోంది. జనం తోసుకోకుండా దిగారు. కండక్టరు పరుగెత్తి ఇంజను ఆపాడు, ఇంకొకరు ఇసుక బకెట్లు తెచ్చారు. మంట రేగకుండానే అణిగింది. కోడలు సంచితో ప్లాట్‌ఫారం మీద నిలబడి తలెత్తి చూసింది. పై అంతస్తులో, కింద బస్సులన్నీ కనబడేలా అద్దాల గది. కిటికీ సందులన్నీ టేపు అంటించి మూసి ఉన్నాయి. అద్దం వెనక ముందుకు వంగిన ఒక తల.

నిన్న పెరటి అవతల పక్కింటివాళ్లు ఎండుటాకులు తగలబెట్టారు. ఈ పొద్దున్న బూడిద కనబడింది, కళ్లతో చూసి కూడా పట్టించుకోలేదు. తన ముక్కు మూసుకుపోయి ఉంది. ఆవిడ రొమ్ము పసిగట్టింది. తను ఎదురుగా నిలబడి, ఒక్క అక్షరం కోసం ఆగలేకపోయింది.

మెట్లెక్కి పైకి పరిగెత్తింది. మలుపులో గోడకు పెద్ద గడియారం, ముళ్లు కదలకుండా ఉంది. తలుపు తోసేసరికి అత్తగారు బల్ల మీద మోచేతులు ఆనించి, పెదవులు సున్నాలా చుట్టి, ఊపిరి వదలడానికి యాతన పడుతోంది. చెమటకు జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. కోడల్ని చూసి ఒక వేలెత్తింది, ఉండమన్నట్టు. మైకు మీట నొక్కింది.

“రండి. దూరం,” అంది స్పష్టంగా, మామూలు గొంతుతో. మీట వదిలేసి మళ్లీ ఎగరొప్పింది. మళ్లీ మీట. “ఎక్కండి. తొమ్మిది. దానికి బదులు.” మీట వదిలేసింది.

కింద ఉన్నవాళ్లకు మాటలు వినిపించాయి. వాటి మధ్యన ఉన్నది వినిపించలేదు. అన్నేళ్ల నుంచీ ఆవిడ మాటను మైకుకిచ్చి, ఆయాసాన్ని తన దగ్గరే అట్టేపెట్టుకుంటోందని కోడలికి అప్పుడు తెలిసింది. పక్కనుంచి చూస్తే తప్ప తెలియని పనితనం అది.

ఆమె అత్తగారి సంచిలోంచి మందుగొట్టం తీసి కుదిపి, డబ్బా తగిలించి అందించింది. వీపు నిమరబోయి, ఆవిడకు అది ఇష్టమో కాదో తెలియక కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ఆయాసం ఒకపట్టాన తగ్గలేదు. ఎప్పటిలాగే, పూర్తిగా తగ్గనూ లేదు. మాట్లాడగలిగినంత తగ్గింది. అప్పుడు అత్తగారి చూపు కోడలి చేతిలోని సంచి మీద పడింది. ఏమిటన్నట్టు కనుబొమలెత్తింది.

“నిన్న మీరు నన్ను పొమ్మన్నారనుకున్నానత్తయ్యా,” అంది కోడలు తలొంచుకుని. “కిటికీ తెరిచినప్పుడు. పో అన్నారుగా.”

అత్తగారు కాసేపు అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. కళ్లు పెద్దవయ్యాయి, భుజాలు అదరడం మొదలైంది. ఏడుస్తోందేమోనని కోడలు హడలిపోయింది. ఏడుపు కాదు. నవ్వు. ఆ ఇంట్లో నవ్వు కూడా కొలత ప్రకారమే నవ్వాలి, ఎక్కువైతే ఊపిరి పట్టేస్తుంది.

“వద్దు,” అంది అత్తగారు రొమ్ము పట్టుకుని. “నవ్వించకు. తల్లీ.”

తల్లీ అన్న మాట చిట్టచివర్న వచ్చింది. దానిదాకా ఊపిరి ఇన్నాళ్లూ మిగల్లేదన్నమాట.

పైఅధికారి వచ్చి, మీరు ఇంటికెళ్లిపోండి, ఇవాళ్టికి చాలు అని బతిమాలాడు. అత్తగారు వినలేదు. డ్యూటీ మార్చుకునే మనిషి వచ్చేదాకా కుర్చీ దిగలేదు. ఆ మనిషి వచ్చి మైకు అందుకున్నాక, ముక్కుకు గుడ్డ కట్టుకుని లేచి, కోడలి చేతిలో సంచి వంక చూసి, తలుపు వైపు చెయ్యి చూపించింది.

“పో...” అంది.

కోడలు కదల్లేదు. కళ్లార్పకుండా అలాగే నిలబడింది.

“...దాం,” అంది అత్తగారు. “ఇంటికి.”

మెట్లు దిగుతుంటే మలుపులో అత్తగారు ఆగింది. తలెత్తి, ఆగిపోయిన గడియారం కేసి ఎంతో శ్రద్ధగా చూడసాగింది, టైమెంతయిందో చూసుకుంటున్న మనిషిలా. రొమ్ము ఎగిసి పడుతోంది. కింద నుంచి ఎవరో, నమస్తే మైకక్కా అన్నారు. ఆవిడ గడియారం మీంచి చూపు తిప్పకుండానే చెయ్యెత్తింది.

కోడలు సంచి కింద పెట్టి, తనూ పక్కన నిలబడి, ఆవిడ చూసినంతసేపూ ఆ గడియారాన్నే చూసింది.