నేను తవ్విన చెలమ

మా మనవరాలు బిందుకి నా సంతకం కావాలి. మాచర్లకి అవతల, సాగర్ నీళ్ళు వెనక్కి ఎగదన్నే చోట, ఒక వాగు వచ్చి కలిసే మూలన నాకు రెండెకరాల మెట్ట చేను ఉంది. అందులో గుడారాలు వేసి, చుట్టుపక్కల చూడటానికి వచ్చేవాళ్ళని ఉంచుతుందట. కాగితాలు మూడు నెలలుగా దాని సంచిలో తిరుగుతున్నాయి.

"ముందు ఆ వచ్చేవోళ్ళు ఎట్టాంటోళ్ళో నా కళ్ళతో చూడాల," అన్నాను.

"అయితే ఆదివారం కొంతమందిని వ్యానులో తిప్పుతున్నా, మాతో రా తాతయ్యా. చూశాక నువ్వే సంతకం పెడతావ్," అంది.

అలా నేను ఆ వ్యానెక్కాను. గుంటూరు నుంచి ఎనిమిదిమంది వచ్చారు. వాళ్ళలో పెద్ద భానుప్రకాష్ అని ఒకాయన. నల్ల కళ్ళద్దాలు, పొట్టి నిక్కరు. వ్యాను నడిపేది మాచర్ల రసూల్. నన్ను బాబాయ్ అంటాడు.

మాచర్లలో ఇడ్లీలు తిని ఎత్తిపోతలకి పోయాం. అంత ఎత్తు నుంచి నీళ్ళు దూకుతుంటే ఒక్కడూ నీళ్ళవైపు చూడలేదు. అందరూ నీళ్ళకి వీపులు పెట్టి ఫోన్లవైపు నవ్వారు. భానుప్రకాష్ చిప్స్ తినేసి ఖాళీ పొట్లం కమ్మీ మీదుగా లోయలోకి విసిరి, అది గాలికి ఎగురుతుంటే ఫోటో తీశాడు.

"ఈ చెత్త చూస్తుంటే తిన్న ఇడ్లీలు బయటికొచ్చేట్టున్నాయిరా," అన్నాను రసూల్‌తో.

"ఇంకా పొద్దుందిలే బాబాయ్, ఇప్పుడే కక్కొద్దు," అన్నాడు వాడు.

అక్కడి నుంచి కొంత దూరం వ్యానులో పోయి, దిగి, మా చేను దగ్గరికి మేకలు నడిచే దారిన తీసుకుపోయాను. నేను ముందు, వాళ్ళు వెనక. వ్యానుని రసూల్ బండ్ల బాటన చుట్టు తిప్పి తెచ్చాడు. సగం దారిలో ఒకావిడ పిల్లకి కట్టిన డైపరు విప్పి, చుట్టి, రేగుచెట్టు కింద పెట్టి కాలితో నెట్టింది. చిన్నప్పుడు ఆ రేగుచెట్టు కాయలు ఏరుకు తింటూనే మేం మేకలు కాసేవాళ్ళం. బిందు చూసింది. చూసి తల తిప్పుకుంది.

సాగర్ నీళ్ళు దూరానికి నీలంగా ఉంటాయి గాని ఒడ్డున పాచి కంపు. మా కాలం నుంచీ అక్కడ తాగేది చెలమ నీళ్ళే. వాగు ఇసుకలో మోకాటిలోతు తోడితే అడుగున నీరు ఊరుతుంది. మొదట ఊరిన నీళ్ళు మూడుసార్లు పారబోయాలి. చెప్పులు దూరంగా విడవాలి. తాగినవాడు పోయేముందు మీద ముళ్ళకంప కప్పాలి, తరవాత వచ్చేవాడు పగవాడైనా సరే. పార్టీ తగాదాల్లో తలలు పగిలిన ఏడు కూడా ఎవడూ ఎవడి చెలమా చెరపలేదు.

వాళ్ళు చెట్టు కింద బిర్యానీ డబ్బాలు విప్పుతుంటే నేను కూర్చుని చెలమ తోడాను. ఈ వయసులో నడుము పట్టేసింది. మూడుసార్లు పారబోశాను. నీరు తేరుకునే లోపల కంప తెద్దామని రసూల్‌ని తీసుకుని చేనుగట్టుకి పోయాను. తిరిగి వచ్చి ఈ గుంటూరు వాళ్ళకి తలా ఒక దోసెడు పోయాలని ఆశ.

కంప ఈడ్చుకుంటూ వచ్చేసరికి చెలమ నిండి ఉంది. కోడి ఎముకలు, ఎంగిలి కాగితపు పళ్ళేలు, పెరుగన్నం, ముక్కు తుడిచిన టిష్యూ కాగితాలు. పైన నూనె తెట్టు. ఒకడు నా కళ్ళముందే దాంట్లో పుక్కిలించి ఉమ్మాడు.

"ఏందిరా ఇది!" అని అరిచాను.

భానుప్రకాష్ బెదిరిపోయాడు. "అదేంటి పెద్దాయనా, మేం ఎక్కడా పారెయ్యలేదండి. పద్ధతిగా గుంటలోనే వేశాం. మీ అమ్మాయే చెప్పింది."

బిందువైపు తిరిగాను.

"చెత్తకనే తవ్వావనుకున్నా తాతయ్యా," అంది. "నువ్వు పొద్దున్నుంచి చెత్త చెత్త అని సణుగుతున్నావుగా."

రసూల్ ముందు నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు. "అది చెలమ బిందూ. తాగే నీళ్ళు," అన్నాడు.

"తియ్," అన్నాను బిందుతో. "చేత్తో తియ్."

అది కూర్చుని తీసింది. రెండుసార్లు వాంతి ఆపుకుంది. ఎముకలన్నీ తీశాక నీళ్ళు కూడా తోడింది. మళ్ళీ ఊరాయి, మళ్ళీ తోడింది. పచ్చటి నూనె బొట్లు మళ్ళీ తేలాయి. చేతులు ఇసుకతో రుద్దుకుని అడిగింది.

"శుభ్రం చేశాగా. ఇప్పుడన్నా సంతకం పెడతావా?"

"తాగు. నువ్వు ఒక దోసెడు తాగితే ఈడే పెడతా."

దోసిట్లోకి తీసుకుంది. మూతిదాకా తెచ్చి వాసనకి మొహం తిప్పి పారబోసింది.

"ఇసకేగా తాతయ్యా. ఇంకోచోట తవ్వుకుంటే పోద్దిగా."

వాళ్ళ ఎముకలకి రాని రోత నాకు ఆ మాటకి వచ్చింది. వాళ్ళకి తెలియదు. ఇది నా కొడుకు కూతురు.

"కాగితాలు సంచిలోనే ఉంచుకో," అన్నాను. "నేను పెట్టను. నేను పోయినాక మీ నాన్న పెట్టుకుంటాడేమో, అది మీ ఇష్టం."

"ఒక్క గుంట కోసమా!" అంది. కళ్ళు తుడుచుకుని వ్యానువైపు పోయింది. అక్కడ వాళ్ళు రేపు సూర్యలంక ఎన్నింటికి బయల్దేరాలో మాట్లాడుకుంటున్నారు. సముద్రంలో తడిశాక తినడానికి ఏం పట్టుకెళ్ళాలో కూడా.

నేను ఇసుక రెండు చేతులతో లాగి చెలమ పూడ్చాను. దాహమైన వాడెవడైనా వచ్చి తాగుతాడేమోనని. చెలమలు తవ్వడమే తెలుసు నాకు, పూడ్చడం ఇదే మొదలు.

రసూల్ హారన్ కొట్టాడు. "బాబాయ్, వస్తన్నావా?"

"చేతులు కడుక్కుని వస్తా ఉండ్రా."

పాచి ఒడ్డుకే పోయి కడిగాను. ఇసుకతో తోమి, మళ్ళీ కడిగి ముక్కుకి పెట్టుకున్నాను. మసాలా కంపు పోలేదు.