రంగం నుంచి బియ్యం ఆగిన ఏడు

నేనొక తిరగలిని. రెండు రాళ్ళు, ఒక కర్రపిడి, గింజలు పోయడానికి నడినెత్తిన ఒక నోరు, అంతే నా ఒళ్ళు. అనకాపల్లి దారిలో ఒక రాళ్ళు కొట్టే మనిషి నన్ను చెక్కి, గంట్లు పెట్టి, విశాఖపట్నంలో లోకనాథానికి అమ్మాడు. నన్ను నెత్తిన పెట్టుకొచ్చి భార్య ముందు దించి, ఆ నెలలోనే లోకనాథం రంగం ఓడ ఎక్కాడు. రంగూన్‌ను మావాళ్ళు రంగం అనేవారు. అక్కడ బియ్యం మిల్లులో కూలి.

అతని భార్య సన్నెమ్మకు నాతో పెద్ద పని ఉండేది కాదు. ఎప్పుడైనా పప్పు విసిరేది. ఇంతలో యుద్ధం ముంచుకొచ్చింది. రంగం జపానువాళ్ళ చేతికి పోయింది. ఓడలు ఆగాయి, ఆ ఓడల్లో వచ్చే బియ్యమూ ఆగింది. లోకనాథం నుంచి కబురు లేదు. మా ఊరిమీదా బాంబులు పడ్డాయి. కొన్నాళ్ళకు కంట్రోలు కొట్టు పెట్టి, గుప్పెడు బియ్యం, మిగతాదానికి గోధుమలు ఇచ్చారు. అన్నం తప్ప ఎరగని జనం ఆ గోధుమల్ని చేతిలో పోసుకుని, వీటినేం చేయాలని ఒకరినొకరు అడిగారు. అప్పుడు అందరికీ నేను గుర్తొచ్చాను.

ఇక నాకు నిలకడ లేదు. సన్నెమ్మ తెల్లారి మొదలుపెడితే పొద్దెక్కేదాకా తిప్పుతూనే ఉండేది. వాడంతా గోధుమలు తెచ్చి విసిరించుకుని, కూలికింద దోసెడు పిండి వదిలి వెళ్ళేవారు. ఒకసారి పక్కింటావిడ పిల్లల్ని లాక్కుని, బాంబుల భయానికి తవ్విన కందకంలోకి పరుగెత్తి, తీరా బయటికొచ్చి కోప్పడింది. “నీ తిరగలి సద్దుకి ఇమానవొచ్చిందనుకున్నానే!”

సన్నెమ్మ నవ్వలేదు. ఆమె చెవి ఎప్పుడూ వీధి తలుపు మీదే. అడుగుల చప్పుడైతే పిడి వదిలేసేది. మనిషెవరో చూసుకుని, మళ్ళీ తిప్పేది.

అత్త పోలమ్మ మాత్రం గోధుమ ముట్టలేదు. కంట్రోలు బియ్యం రాగానే తన వంతులోంచి గుప్పెళ్ళు తీసి మూల కుండలో పోసేది. మిగిలినదానితో ఇంత గంజి. రోజురోజుకూ మనిషి పుల్లలా అయిపోయింది.

“ఆ బియ్యం వండుకో అత్తా. పురుగు పడతాది,” అంది సన్నెమ్మ.

“పడితే ఏరతాను. నా కొడుకు ఒస్తే పిండి పెడతావేటే?”

“ఆడొచ్చేసరికి నువ్వుండాల గదా!”

ఆ మాట అన్నాక సన్నెమ్మే భయపడింది. గోధుమలు కొన్ని నేల మీద ఒలికినా చూసుకోకుండా నన్ను అతి వేగంగా తిప్పింది. పోలమ్మ కుండ ముందుకు లాక్కుంది. చేటలో బియ్యం పోసుకుని పురుగులు ఏరుతూ కూచుంది.

మరుసటేడు ఒక మధ్యాహ్నం గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. ఎముకల గూడు. “లోకనాథం ఇల్లు ఇదేనామ్మా? నా పేరు దాలయ్య. ఇద్దరం ఒకే మిల్లులో పనిచేసినాం.”

సన్నెమ్మ తిప్పడం ఆపింది. నా పిడి పట్టుకునే ఉంది.

“రంగం నుంచి కలిసే నడిసొచ్చినాం. కొండల్లో ఆడికి జొరం తగిలింది. నన్ను ముందు పొమ్మన్నాడు. ఎనక్కి తిరిగి సూస్తే సెయ్యూపినాడు. అంతే అమ్మా, అంతవరకే నాకు తెలుసు. ఆనక నానూ జబ్బుపడి కలకత్తాలో ఉండిపోనాను.”

పోలమ్మ ఏడవలేదు. అతన్ని ఎగాదిగా చూసింది. “కూడు తిన్నావా నాయనా?” అని అడిగింది. అతను తల దించుకున్నాడు. ఆమె మూలకు వెళ్ళి కుండ మొత్తం చేటలో కుమ్మరించి, పొయ్యి రాజేసింది. ఆ ఇంట్లో అన్నం కమ్మగా ఉడికిన వాసన వచ్చి ఎన్నాళ్ళయిందో! దాలయ్య రెండు ముద్దలు తిని, మూలనున్న ఖాళీ కుండకేసి చూసి ఆగిపోయాడు.

“ఇది లోకనాథానికి దాసింది గదామ్మా.”

“ఆకలితో ఒచ్చింది నువ్వు. తిను,” అంటూ ఆమె మళ్ళీ వడ్డించింది.

మర్నాడు పొద్దున పోలమ్మ నాకు అటువైపు వచ్చి కూచుంది. “ఎన్నాళ్ళు ఒక్కదానివే తిప్పుతావే? జరుగు,” అంది. పిడి మీద ఇద్దరి చేతులూ పడ్డాయి. నా బరువు సగానికి తగ్గినట్టుంది. ఆ పూట ఆమె మొహం చిట్లించుకుంటూనే గోధుమ అంబలి తాగింది. సన్నెమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

లోకనాథం రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. సన్నెమ్మ బొట్టు తీయలేదు. ఎవరైనా అడిగితే, “సెయ్యూపినాడంట,” అని మాత్రం అనేది.

యుద్ధం అయిపోయింది. చాన్నాళ్ళకు కంట్రోళ్ళు ఎత్తేశారు. వీధి చివర పిండిమర వచ్చింది. నన్ను పెరట్లోకి దొర్లించారు. ఇప్పుడు ఆడవాళ్ళు నా మీద కూచుని, బియ్యం సన్నవి దొరకడం లేదని విసుక్కుంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఒక్కసారి గట్టిగా తిరగాలనిపిస్తుంది. పిడి ఊడిపోయి చాలా కాలమైంది.